చిప్ప మొదలా, అంచా

కొత్త రాయి పాతిన మర్నాటి నుంచి బాల్బినా పూటకూళ్ళ ఇంటికి యాత్రికులు సగం మందే వస్తున్నారు. ఆ వచ్చే సగం మందీ పెళ్ళాం తోడు లేని మొగుళ్ళూ, మొగుడు తోడు లేని పెళ్ళాలూను. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే మంచినీళ్ళయినా అడక్కుండా, "మా ఆయన ఇటు రాలేదా?" అంటున్నారు.

"రాలేదమ్మా. కింద ఊళ్ళో ఉండుంటాడు," అనేది బాల్బినా. "వెతుక్కుందువు గానీ, ముందు ఏమన్నా తిను."

మొగుడు తప్పిపోయిన మనిషి ఏం తింటుంది? సంచీ భుజానేసుకుని గబగబా దిగిపోయేది. దిగే దారిలో ఎదురెక్కి వస్తున్న మొగుడు కనపడేవాడు. ఆ మలుపు దగ్గర జర్మన్‌లోనూ కొరియన్‌లోనూ ఇంకా ఏమేం భాషల్లోనో జరిగిన కొట్లాటలు పైన బాల్బినా వంటింట్లోకి స్పష్టంగా వినపడేవి. అర్థం కాకపోయినా తప్పెవరిదో ఆమెకి తెలిసిపోయేది.

కనుమ దిగి, అస్తూరియాస్ వాళ్ళ హద్దు దాటి మా గలీసియాలోకి వచ్చాక దారి చీలుతుంది. ఎడమకి ఎక్కితే పెనెలా, బాల్బినా ఉండే ఊరు. కుడికి దిగితే ఫొండేవిలా, ఆమె మరిది సెల్సో ఉండే ఊరు. మధ్యలోంచి తారురోడ్డు పోతుంది గానీ అది కార్లకీ పాల లారీకీ. యాకోబు పునీతుడి సమాధి ఉన్న సంత్యాగోకి యాత్రికులు నడిచి వెళ్ళే కాలిబాట వందల ఏళ్ళుగా పెనెలా మీదుగానే వెళ్తోందని బాల్బినా అంటుంది. కాదు ఫొండేవిలా మీదుగానే అని సెల్సో అంటాడు. రెండూ నిజమే అయ్యుంటాయి. వాన పడితే పై దారి, మంచు కురిస్తే కింది దారి పట్టి ఉంటారు జనం. కానీ రెండూ నిజమేనని ఒప్పుకునే మనిషి మా కొండల్లో ఇంకా పుట్టలేదు.

ఇన్నాళ్ళూ ఆ చీలిక దగ్గర ఒక మొండిగోడ ఉండేది. దాని మీద పసుపు బాణం పైకి చూపిస్తూ ఉండేది. గీసింది బాల్బినా మొగుడు షెనారో. తమ్ముడు సెల్సో అప్పుడు అస్తూరియాస్‌లో బొగ్గు గనుల్లో పనిచేస్తున్నాడు కాబట్టి అడ్డం చెప్పేవాడు లేకపోయాడు. షెనారో పోయాడు. మొన్న చలికాలం గోడా పోయింది. దారుల ఆఫీసు వాళ్ళు దయతలచి కొత్త రాయి పంపించారు, నడుమెత్తు గ్రానైటు రాయి, దాని మీద నీలం పలక, పలక మీద యాత్రికుల గుర్తు, పసుపుపచ్చ సముద్రపు చిప్ప. బాణం మాత్రం లేదు. అడిగితే, బాణాలు వేరే టెండరు, తర్వాత వస్తాయన్నారు.

చిప్ప ఉంటే చాలదా అంటే, అక్కడే వచ్చింది చిక్కు. మా గలీసియాలో చిప్ప విచ్చుకున్న అంచు ఎటుంటే అటు నడవాలి. కనుమ అవతల అస్తూరియాస్‌లో చిప్ప మొదలు, అంటే గీతలన్నీ వచ్చి కలిసే కొన, ఎటుంటే అటు నడవాలి. ఎందుకలా అని అడక్కండి. వాళ్ళు వాళ్ళే, మేం మేమే. ఈ రాయి పాతిన మేస్త్రీలేమో అవతలి వాళ్ళు. వాళ్ళ అలవాటు ప్రకారం మొదలు పెనెలా వైపు పెట్టి, సిమెంటు పూసి, బాల్బినా దగ్గరే కడుపునిండా పుల్పో, అదే ఉడికించిన ఆక్టోపస్, తిని చక్కా పోయారు. ఇప్పుడు చిప్ప మొదలు పై ఊరివైపు, అంచు కింది ఊరివైపు. యాత్ర పుస్తకం చదువుకుని హద్దు దాటగానే లెక్క మారుతుందని తెలుసుకున్నవాడు కిందికి పోతున్నాడు. చదవనివాడు పైకొస్తున్నాడు. ప్రతి జంటలోనూ ఒకరు చదివే ఉంటారు గదా.

ఇక ఇద్దరి వాదనలూ వినాలి. పుట్టి బుద్ధెరిగి కనుమ దాటి ఎరగని బాల్బినా, అస్తూరియాస్ వాళ్ళ సారాయి వాసనకే మొహం తిప్పుకునే బాల్బినా, రోడ్డు మీద నిలబడి, "పాతినవాడి ఉద్దేశం చూడాలి. వాళ్ళ ప్రకారం మొదలే దారి. వాళ్ళేం తెలివితక్కువ వాళ్ళా?" అనేది. సగం బతుకు అస్తూరియాస్ గనుల్లో గడిపి, తాగితే ఇప్పటికీ వాళ్ళ పాటలే పాడే సెల్సో రొమ్ము విరుచుకుని, "గలీసియా మట్టిలో పాతిన రాయిని గలీసియా కళ్ళతో చదవాలి. మా తాతలు నెత్తురు ధారపోసిన నేల ఇది," అనేవాడు. వాళ్ళ తాత నెత్తురు ధారపోసింది ఒకేసారి, అదీ గొర్రె ఉన్ని కత్తిరిస్తూ.

ఈ మాటలన్నీ ఒకరి మొహాన ఒకరు అన్నవి కావు. పాల లారీ డ్రైవరుకి ఇద్దరూ విడివిడిగా చెప్పేవాళ్ళు. వదినా మరుదులకి మాటలు పోయి చాలా ఏళ్ళయింది. కారణం చెప్తే నవ్వుతారు. యాకోబు పునీతుడి పండగనాడు, టోపీకి చిప్ప గుచ్చుకున్న ఆయన విగ్రహాన్ని భుజాల మీద ఊరేగిస్తారు. ఆ ఏడు ఊరేగింపు ముందు ఫొండేవిలాకి దిగింది. పెనెలా ఎక్కే వేళకి వాన దంచికొట్టి, స్వామిని ఎవరిదో గడ్డివాములో దాచి, అందరూ ఇళ్ళకి పోయారు. బాల్బినా వండిన వంటంతా పందులు తిన్నాయి. "కావాలనే ముందు తన ఊరికి తిప్పుకున్నాడు," అని బాల్బినా అంది. "వాన నేను కురిపించానా?" అని సెల్సో అన్నాడు. అంతే.

సరదాగానే ఉంటుంది వినడానికి. కానీ బాల్బినాకి ఇది సరదా కాదు. ఆమెకున్నది పూటకూళ్ళ లైసెన్సు. అధికారిక దారి మీద ఉన్న ఇంటికే ఆ లైసెన్సు ఇస్తారు. రాయి కిందికి చూపిస్తోందని ఆఫీసు తేల్చేస్తే ఆమె తలుపు మూసుకోవాల్సిందే. తలుపు మూస్తే తిండికి లోటని కాదు, ఆవులున్నాయి, తోట ఉంది. పెనెలాలో ఇప్పుడు పొగ లేచే పొయ్యి ఆమెదొక్కటే. షెనారో పోయిన చలికాలం ఆ ఇంట్లో గడియారంతో మాట్లాడింది. ఎండాకాలం రాగానే చెమట కంపు కొడుతూ, బొబ్బలెక్కిన కాళ్ళు బల్లల మీద పెట్టుకుని, నానా భాషల్లో గోల చేసే ఆ జనం వచ్చాకే మళ్ళీ మనిషయింది. వాళ్ళు రాకపోతే తనకి పిచ్చెక్కుతుందని ఆమెకి తెలుసు. భయపడింది. భయపడ్డ మనిషి ఊరుకుంటుందా, అర్జీ పెట్టింది. ఆమె పెట్టిందని, కింద తనూ యాత్రికులకి వండిపెట్టడం మొదలెట్టిన సెల్సో కూడా పెట్టాడు.

ఆఫీసు వాళ్ళు కమిటీ వేశారు. చిప్ప సామాన్యమైనది కాదు కాబట్టి మతం తరఫున ఒకరు, కళ తరఫున ఒకరు, ప్రకృతి తరఫున ఒకరు. మతానికి కెథడ్రల్ నుంచి ఫాదర్ ఎవారిస్తో. కళకి యూనివర్సిటీ ప్రొఫెసర్ మెన్సియా మేడమ్. ప్రకృతికి వీగో రేవు నుంచి సముద్రపు జీవాల మీద పరిశోధన చేసే ఉషీయో అనే కుర్ర సైంటిస్టు. ముగ్గురూ తారురోడ్డు మీద కారులో వచ్చి రాయి దగ్గర దిగారు.

వచ్చీ రాగానే భోజనాల సమస్య. ఒకరింట తింటే పక్షపాతం అంటారు. ఏ ఇంటా తినకపోతే అవమానం అంటారు. ఫాదర్ ఎవారిస్తో కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, న్యాయం కోసం రెండిళ్ళలోనూ పూర్తిగా భోంచేయాలని తేల్చారు. అలాగే చేశారు. పైన పుల్పో, ఆలుగడ్డ ఆమ్లెట్టు, వెన్నముద్దలాంటి జున్ను. కింద పంది భుజం ఉడకేసిన కూర, వేయించిన మిరపకాయలు, మళ్ళీ జున్ను. రాయి దగ్గరికి తిరిగొచ్చేసరికి ముగ్గురికీ ఊపిరి భారంగా ఆడుతోంది. బాల్బినా ఈ పక్కన, సెల్సో ఆ పక్కన, చెరో సీసా పట్టుకుని నిలబడ్డారు.

ఫాదర్ ముందు మాట్లాడారు. "ఈ గీతలు చూడండి. ఇవి లోకంలోని దారులు. ఎక్కడెక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే చేరతాయి, అపోస్తలుడి పాదాల దగ్గరికి. కలిసేచోటికే కదా యాత్రికుడు నడవాలి. కాబట్టి మొదలే దారి."

బాల్బినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫాదర్ గ్లాసు అంచుదాకా నింపింది. "ఆకలితో వచ్చిన దేవుడి మనిషి మాటే వేరండీ," అంది. ఆయన ఆకలితో రాలేదన్న సంగతి ఎవరూ గుర్తు చేయలేదు.

మెన్సియా మేడమ్ కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుంది. "క్షమించాలి ఫాదర్. కళలో చిప్ప అంటే పుట్టుక. దేవత అందులోంచి బయటికొస్తుంది. పునీతుల తలల వెనక గూళ్ళలో చూడండి, తీర్థం పోసే తొట్లలో చూడండి, ఎప్పుడూ లోపల్నించి బయటికి విచ్చుకుంటుంది. మొదల్లోకి దూరే దేవతని ఏ చిత్రకారుడైనా వేశాడా? దారి అంచువైపే."

ఇప్పుడు సెల్సో సీసా వంగింది. "మేడమ్‌ని చూడగానే అనుకున్నా," అన్నాడు. "చదువుకున్న మనిషి మొహం అలా ఉండాలి."

"నాది చదువుకోని మొహమా?" అన్నారు ఫాదర్.

"అబ్బే, మీది ప్రార్థన చేసుకునే మొహం ఫాదర్."

అందరూ ఉషీయో వైపు తిరిగారు. ఆ అబ్బాయి రెండో భోజనం దగ్గరే బెల్టు వదులు చేసుకున్నాడు. నిజం తప్ప ఇంకోటి మాట్లాడ్డం అలవాటు లేనివాడు, అదే అతని కష్టం.

"బతికున్న చిప్ప ఈదుతుందండీ," అన్నాడు. "రెండు రెక్కలూ టపటపా కొట్టుకుంటూ పోతుంది. మామూలుగా అయితే అంచువైపే ముందుకెళ్తుంది, నీళ్ళని కొరుక్కుంటూ పోతున్నట్టుంటుంది."

"విన్నారా?" అన్నాడు సెల్సో.

"కానీ ఏ నక్షత్రచేపో మీదికొచ్చిందనుకోండి, హడలిపోయి మొదలువైపుకి దూకి పారిపోతుంది."



"అంటే ఏంటి బాబూ," అంది బాల్బినా, "తన ఇష్టంతో నడిచేవాడు వాడింటికి పోతాడు, ప్రాణభయంతో పారిపోయేవాడు మా ఇంటికొస్తాడు, అంతేనా?"

"నేనలా అన్లేదు పెద్దమ్మా."

"ఆవిడ కాల్దో చారు తాగినవాళ్ళు నిజంగానే అలా పరిగెత్తుతారు," అన్నాడు సెల్సో ఆకాశానికి చెప్తున్నట్టు.

"వాడి రొట్టె కొరికినవాళ్ళకి పరిగెత్తడానికి పళ్ళుంటే గదా," అంది బాల్బినా పాల లారీ పోయే రోడ్డుకి చెప్తున్నట్టు.

ఉషీయో పాపం ఇద్దరి వంటా తిన్నవాడు, రెండూ నచ్చినవాడు. జేబులోంచి మ్యాపు తీసి రాయి మీద పరిచాడు. "ఇలా చూడండి. పెనెలా నుంచి పాత పిండిమర పక్కగా ఒక బాట దిగి ఫొండేవిలాలో కలుస్తోంది. రెండు ఊళ్ళనీ దారి మీద పెట్టేయొచ్చు. ఎక్కి దిగొచ్చు, లేదా దిగి ఎక్కొచ్చు. ఒకచోట కాఫీ తాగుతారు, ఇంకోచోట భోంచేస్తారు. ఇద్దరికీ లైసెన్సు ఉంటుంది."

ఫాదర్ మొహం విప్పారింది. మేడమ్ తలూపింది. ఎవరి సిద్ధాంతమూ ఓడిపోదు, సాయంత్రంలోపు ఎవరి ఊరికి వాళ్ళు తిరిగి వెళ్ళిపోవచ్చు. "అద్భుతం," అన్నారు ఫాదర్. "ఇద్దరికీ సమ్మతమేనా?"

బాల్బినాకి గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. సమ్మతమే అనబోయింది. సెల్సో కూడా గొంతు సవరించుకున్నాడు. అప్పుడు మెన్సియా మేడమ్, పాపం మంచి మనసుతోనే, "మరి ముందు ఏ ఊరు?" అని అడిగింది.

"మాదే," అన్నారిద్దరూ.

"అమ్మా, రెండోదైతే ఏం పోయింది?" అన్నాడు ఉషీయో. "భోజనం వేళకి వస్తారు, ఇంకా మంచిది."

"వాడి ఎంగిలి తిని వచ్చినవాళ్ళకి నేను వడ్డించాలా?" అంది బాల్బినా. "నా మొగుడు బాణం గీసిన దారి ఇది. నేను రెండో దాన్నా?"

"ఆవిడ వదిలేసినవాళ్ళని నేను ఏరుకోవాలా?" అన్నాడు సెల్సో. "చచ్చినా కుదరదు."

"ఒక ఏడు వీరు, ఒక ఏడు వారు?" అన్నారు ఫాదర్.

"మొదటి ఏడు ఎవరు?" అన్నారిద్దరూ.

ఫాదర్ గడియారం చూసుకున్నారు. ఎండ మాడుస్తోంది, లోపల రెండు భోజనాలు, చేతిలో మూడో గ్లాసు. ఉషీయో మ్యాపు మడతపెట్టుకున్నాడు. కారెక్కేముందు ఆ అబ్బాయి బాల్బినా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, ఇంకోసారి ఆలోచించుకోండి. రేపటిలోపు ఫోన్ చేసి చెప్పినా చాలు," అన్నాడు. తన నంబరు ఆమె ఏప్రన్ జేబులో పెట్టాడు. సెల్సోకీ ఒకటి ఇచ్చాడు.

ఆ రాత్రి ఆమె ఫోన్ తీసింది, పెట్టేసింది. వాడు చెయ్యనీ ముందు, అనుకుంది. కింద సెల్సో కూడా అదే అనుకున్నాడని తర్వాత లారీ డ్రైవరు చెప్పాడు.

పండగకి రెండ్రోజుల ముందు ఆఫీసు వ్యాను వచ్చింది. అదే అస్తూరియాస్ మేస్త్రీలు. రాయికి డ్రిల్లు పెట్టి ఇత్తడి బాణం బిగిస్తుంటే బాల్బినా పరిగెత్తుకుంటూ దిగింది. సెల్సో ఎగపోసుకుంటూ ఎక్కాడు. బాణం పైకీ లేదు, కిందికీ లేదు. నేరుగా తారురోడ్డు మీదికి ఉంది.

"ఇదేంట్రా?" అంది బాల్బినా.

"కమిటీ తీర్పమ్మా," అన్నాడు మేస్త్రీ. "చిప్ప దిక్కులకి అతీతమైనదట. ఏ ఊరి మనోభావాలూ దెబ్బతినకూడదని దారిని రోడ్డు మీదికి మార్చారు. వాళ్ళు కారులో వచ్చారు గదా, రోడ్డు బాగానే ఉందన్నారు." స్క్రూ బిగించి, "మీ ఇంట్లో పుల్పో ఉందా ఇవాళ?" అనడిగాడు.

బాల్బినా విసురుగా వెనక్కి తిరిగి కొండెక్కింది. ఆ మేస్త్రీ ఇప్పటికీ ఆమెకి వచ్చిన కోపమేంటో అర్థం కాక తల గోక్కుంటున్నాడు.

పండగ పొద్దున్న అలవాటుకొద్దీ పెద్ద కుండ పొయ్యి మీదికెక్కించింది. ఆకుకూర, ఆలుగడ్డ, చిక్కుడు గింజలు, పంది ఎముక, అన్నీ వేసి కాల్దో కాచింది. తలుపు బార్లా తీసింది. పది దాటింది, పదకొండు దాటింది, చెప్పుల చప్పుడు లేదు. ఊరేగింపు సంగతి సరేసరి, ఈ ఏడు మోసేవాళ్ళు లేక స్వామి చర్చిలోనే ఉండిపోయాడు. ఇక ఉండబట్టలేక బాణం ఊడగొడదామని సుత్తి పట్టుకుని రాయి దగ్గరికి దిగింది.

అక్కడ సెల్సో గడ్డపార పట్టుకుని నిలబడున్నాడు.

ఒకళ్ళ చేతిలోది ఒకళ్ళు చూశారు. ఇద్దరూ దొంగల్లా అటూ ఇటూ చూశారు. ఏమైనా అనుకునేలోపే కనుమవైపు నుంచి ఒక ఆడమనిషి కుంటుకుంటూ వచ్చింది. వీపు మీద సంచీ, ఎండకి మొహం కందిపోయింది. వచ్చీరాని భాషలో, "ఇక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా?" అంది.

"పైన. పొయ్యి మీద వేడివేడి కాల్దో," అంది బాల్బినా పెనెలా వైపు చెయ్యి చాపి.

"కింద. ఒక్కడుగు, ఎక్కే పనిలేదు," అన్నాడు సెల్సో ఫొండేవిలా వైపు చెయ్యి చాపి.

"ఆయనది పాచి కూరమ్మా."

"ఆవిడవన్నీ నీళ్ళేనమ్మా."

ఆ మనిషి ఈ చెయ్యి చూసింది, ఆ చెయ్యి చూసింది. సుత్తి చూసింది, గడ్డపార చూసింది. చాలా మర్యాదగా ఇద్దరికీ దణ్ణం పెట్టి, జేబులోంచి బిస్కట్ల పొట్లం తీసి, తారురోడ్డు పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కుంటి కాలితో అంత వేగం ఎలా వచ్చిందో మరి.

వదినా మరుదులు ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డారు. ఎండ చురచురలాడుతోంది. సెల్సో గడ్డపార రాయికి చేరవేసి దాని పక్కనే నేల మీద కూలబడ్డాడు. జుట్టు మొత్తం నెరిసిపోయింది వీడికి, ఎప్పుడు నెరిసింది, అనుకుంది బాల్బినా. కూర్చునే తీరు అచ్చం షెనారో లాగే ఉంది. 

"ఆ రోజు ముందు నీదే అని ఒక్క మాట అనాల్సింది వదినా," అన్నాడు సెల్సో, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి ఆమెతో. "అనబోయాను కూడా."

"నేనూ అనబోయాను."

"మరి అనలేదేం?"

"నువ్వంటావని చూశా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు సెల్సో.

"ఎవరుంటారు? కుండెడు కాల్దో ఉంది. పండగపూట ఒక్కదాన్నీ ఏం తింటాను, రా. పైకి రా."

సెల్సో లేవబోయి ఆగాడు. గడ్డం గోక్కున్నాడు. "నా దగ్గరా కూర ఉంది. వేట మాంసం. నువ్వే ముందు కిందికి రారాదూ? సాయంత్రం నేను పైకొస్తాను."

"ముందు పిలిచింది నేను గదరా."

"పిలిచావు, కాదన్లేదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత ముందు నేనే వచ్చి నీ గడప తొక్కానంటే ఊళ్ళో ఏమనుకుంటారు?"

"ఊళ్ళో ఎవరున్నార్రా అనుకోడానికి?"

సెల్సో ఆ మాటకి తలొంచుకున్నాడు. ఆలోచించాడు. నిజమే అన్నట్టు తలూపాడు. కానీ లేవలేదు. బాల్బినా ఇంకాసేపు చూసింది. సరేలే, నేనే వస్తా పద, అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అలా వచ్చి అక్కడే ఉంది.

"నీ ఇష్టం," అంది.

"నీ ఇష్టం," అన్నాడు.

సుత్తి తీసుకుని ఆమె పైకి ఎక్కింది. మలుపులో ఒకసారి తిరిగి చూస్తే అతను గడ్డపార భుజానేసుకుని కిందికి దిగుతున్నాడు, ఆమెకి మల్లేనే ఆగి ఆగి. ఇంటికొచ్చి పెద్ద బల్ల ఒక చివర కూర్చుని ఒక గిన్నెలో కాల్దో వడ్డించుకుంది. ఒక ముక్క రొట్టె ముంచి నోట్లో పెట్టుకుంది. ఈ మధ్యకాలంలో ఇంత బాగా కుదిరిన కాల్దో ఆమె వండలేదు. దానికే ఆమెకి ఏడుపొచ్చింది.